14416: తిరుపతి, చిత్తూరు ఇళ్లకు ఈ ఫోను ఎంతవరకు అక్కరకొస్తుంది?

ముందే తీర్పు చెప్పేస్తాం. మనసు బాగోలేనివాళ్లకు, వాళ్ల ఇళ్లకు సాయంగా 14416 నంబరులో దొరికే టెలీ మానస్ అనే ఈ ఉచిత ఫోను సేవకు తొలి గడపగా ఐదుకు నాలుగున్నర ఇస్తాం. ఆ గడప దాటాక మందు, మళ్లీ చూపించుకోవడం, పని, ఇల్లు అనే లెక్కకొచ్చేసరికి రెండున్నర మించి ఇవ్వలేం. ఎందుకో చెబుతాం. ఆ తగ్గిన మార్కులను తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ఒక కుటుంబం ఎలా పూడ్చుకోవచ్చో కూడా రాస్తాం.

ఈ సేవ 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. సాంకేతిక వ్యవస్థ బెంగళూరు ట్రిపుల్ ఐటీ చూసుకుంటుంది. దేశమంతా కలిపి 53 కేంద్రాలున్నాయి, 2025 నాటికి కాల్స్ 20 లక్షలు దాటాయి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. 14416 కలవకపోతే 1800-891-4416 ఉంది.

ఎంత త్వరగా ఎత్తారు, ఎంత మర్యాదగా మాట్లాడారు అని చూసి మార్కులేస్తే ఇలాంటి సేవకు సరిపోదు. జబ్బుపడ్డ మనిషి మళ్లీ ఇంట్లోవాళ్లతో కూర్చుని అన్నం తింటున్నాడా? ఏదో ఒక పనికి పోతున్నాడా? ఇంట్లోవాళ్లకు ఆ జబ్బు సంగతి అర్థమైందా? మందు నెల తప్పకుండా చేతికొస్తోందా? ఈ కొలత మేం కొత్తగా కనిపెట్టింది కాదు. మనకు మూడు గంటల దూరంలో ఉన్న చెన్నైలో డాక్టర్ శారదా మేనన్ అరవయ్యేళ్లు చేసిన పనిలోంచి తీసుకున్నది.

ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1923లో మంగళూరులో పుట్టారు. 1951లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ పూర్తిచేసి, తర్వాత బెంగళూరులో మానసిక వైద్యం చదివారు. దేశంలో తొలి మహిళా సైకియాట్రిస్టుగా ఆవిడ పేరే చెబుతారు. 1959లో కీల్పాక్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చేరి, 1961లో దానికే సూపరింటెండెంటు అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ. 1978లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. మనవైపు ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని ఎలా వెక్కిరిస్తారో మద్రాసులో ‘కీల్పాక్’ అన్న మాటను అలాగే వాడేవాళ్లు. లోపలికి వెళ్లిన మనిషి బయటికి రాడనే భయం ఆ మాటలో ఉండేది. ఆవిడ హయాంలో అక్కడ అవుట్ పేషెంట్ సేవలు పెరిగాయి, స్వచ్ఛంద సంస్థలు లోపలికొచ్చాయి, రోగులకు పని నేర్పడం మొదలైంది. జిల్లా ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలు రావడంలోనూ ఆవిడ చేయి ఉంది.

మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ తర్వాతి అడుగు. 61 ఏళ్ల వయసులో, 1984లో, స్కిజోఫ్రీనియా రీసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించారు. లేని మాటలు వినబడటం, లేని అనుమానాలు రావడం ఉండే తీవ్రమైన మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. ఆ సంస్థను అందరూ స్కార్ఫ్ అంటారు. మందు ఇచ్చి పంపేస్తే సగం పనే అయిందని, పగటిపూట శిక్షణ కేంద్రం, పని నేర్పడం, కుటుంబానికి జబ్బు గురించి చెప్పడం అన్నీ ఒకే చోట పెట్టిన సంస్థ అది. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2021 డిసెంబరు 5న, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆవిడ పోయిన పది నెలలకు 14416 మోగడం మొదలైంది.

ఇక ఫోను సంగతికొద్దాం.

14416 కొట్టగానే భాష ఎంచుకోమంటుంది. తెలుగుతోపాటు తమిళం, కన్నడం కూడా ఉన్నాయి. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే ముసలివాళ్లకు, కుప్పం అవతల కన్నడం అలవాటైనవాళ్లకు ఇది చిన్న సంగతేం కాదు. మనసులో మాట ఇంటి భాషలోనే బయటికొస్తుంది. ముందుగా మాట్లాడేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన కౌన్సెలర్. ఆ మనిషి వింటారు, ప్రమాదం ఎంతుందో అంచనా వేస్తారు, అప్పటికప్పుడు చేయదగ్గవి చెబుతారు. అవసరమనిపిస్తే రెండో అంచెకు, అంటే సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కరు లాంటివాళ్లకు అప్పగిస్తారు, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లమంటారు. ‘డాక్టరిస్తారనుకుంటే ఎవరో మాట్లాడారు’ అని విసుక్కునేవాళ్లు ఈ రెండంచెల సంగతి తెలియకే విసుక్కుంటారు. మొదటి అంచెలో ఉన్న మనిషికి మందు రాసే అధికారం లేదు. ‘నాకు డాక్టరుతో మాట్లాడాలనుంది’ అని నేరుగా అడగొచ్చు.

కాల్ పాడయ్యేది ఎక్కువగా మనం చెప్పే తీరువల్లే. ‘మావాడు డల్‌గా ఉంటాడండీ’, ‘నరాల బలహీనతేమో’, ‘గాలి సోకిందంటున్నారు’ అంటే అవతలి మనిషికి అంతుపట్టదు. అదే ఇలా చెబితే చాలా తేలుతుంది: ‘22 ఏళ్లు. మూడు వారాలుగా రాత్రి రెండు గంటలకు మించి నిద్ర లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరికో జవాబు చెబుతున్నట్టు మాట్లాడుతున్నాడు. పక్కింటివాళ్లు అన్నంలో ఏదో కలుపుతున్నారని తినడం లేదు. వారంగా స్నానం లేదు. ఇంతకుముందెప్పుడూ ఇలా లేదు. మద్యం, గంజాయి అలవాటు లేదు.’

కాల్ చేసేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: వయసు, ఎప్పుడు మొదలైంది, ఎన్ని గంటల నిద్ర, తిండి, చేసే పనిలో వచ్చిన మార్పు, మద్యం లేదా గంజాయి, షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్నాయా, ఇంటి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటిదుందా. ఇప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులు దగ్గర పెట్టుకుని పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చదివి చెప్పండి. ‘తెల్ల మాత్ర, రాత్రి ఒకటి’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. మెడికల్ షాపులో స్ట్రిప్పును కత్తిరించి ఇచ్చినప్పుడు పేరున్న భాగం పోతుంది, అందుకే పేరున్న ముక్కే అడిగి తీసుకోండి.

ఇంకొకటి. చావాలన్న ఆలోచన వస్తోందా అని ఆ మనిషిని సూటిగా అడిగి తెలుసుకోండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని ఇంట్లోవాళ్లు వెనకాడతారు. అలా పుట్టదు. అడిగినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అవునన్న జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, ఇంట్లో మిగిలిన మాత్రలు అదే గంటలో తాళం వేసిన చోటికి చేరాలి. తాళంచెవి ఆ మనిషికి తెలియనిచోట ఉండాలి. తర్వాత ఫోను చేయండి.

ఇంట్లో అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి మాట్లాడటం మరో పొరపాటు. కోడలు తన బాధ అత్తగారి ముందు చెప్పదు. మేడమీదికో, చేనుగట్టుకో వెళ్లి, చార్జింగు చూసుకుని, కనీసం ఇరవై నిమిషాలు తీరిక పెట్టుకోండి. రోగి ఫోను పట్టుకోనంటే ఇంట్లోవాళ్లు తమకోసం చేయొచ్చు. ఆ మనిషితో ఎలా మాట్లాడాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి అని అడగడానికి రోగి పక్కన ఉండాల్సిన పనిలేదు. మళ్లీ ఫోను చేస్తామంటే ఆ రోజు తెలియని నంబర్లు కూడా ఎత్తండి.

నాలుగున్నర మార్కులు ఇచ్చింది ఇక్కడికే. కోచింగు హాస్టల్లో ఉన్న పిల్లకు, బాలింతకు, అప్పుల్లో నిద్రపట్టని టమాటా రైతుకు, ఎవరితోనూ చెప్పుకోలేక రాత్రి రెండింటికి మేలుకుని ఉన్న మనిషికి తెలుగులో వినే గొంతు ఊరికే దొరకడం పెద్ద సంగతి. పరీక్షల ఒత్తిడి, ఇంటి గొడవ తర్వాతి దిగులు, తొలిసారి వచ్చిన గుండెదడలాంటి వాటికి రెండు మూడు కాల్స్‌తోనే తేలికపడొచ్చు.

ఏ పనికి దీన్ని వాడకూడదో కూడా తెలిసుండాలి. తనకో ఇతరులకో హాని చేసుకునే ప్రయత్నం అప్పటికే జరిగితే ముందు 108. ఫిట్స్, స్పృహ తప్పడం, మందులు వాడే మనిషికి ఒళ్లు కొయ్యబారి తీవ్ర జ్వరం రావడం, రెండు మూడు రోజులుగా నీళ్లుకూడా తాగకుండా బిగుసుకుని కూర్చోవడం, ఇవన్నీ 108 పనులే. ఆసుపత్రిలో సైకియాట్రిస్టు లేరని వెనక్కి పంపితే ఒప్పుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షను ప్రకారం అత్యవసరంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల దాకా చికిత్స ఇవ్వొచ్చు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి మీద కేసు పెడతారేమోనని దాచేవాళ్లు 115వ సెక్షను తెలుసుకోవాలి. ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చట్టం భావిస్తుంది, శిక్ష కోసం విచారించదు.

మన దగ్గర ఏటా కార్తీకంలో వచ్చే ప్రమాదం ఒకటుంది. దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. రోజూ క్వార్టరో హాఫో తాగే మనిషి మాల వేసుకుని, ఆ ఉదయం నుంచే చుక్క ముట్టకుండా ఆపేస్తాడు. ఇల్లంతా సంతోషిస్తుంది. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజులోపు మనిషి ఎక్కడున్నాడో తెలియక, గోడలమీద పురుగులు పాకుతున్నాయంటూ లేని వాటిని పట్టుకోబోతాడు. దీక్షలో ఏదో లోపం జరిగిందని, స్వామికి కోపం వచ్చిందని అనుకుంటారు. కారణం వేరు. ఏళ్లతరబడి మద్యానికి అలవాటైన మెదడు ఒక్కసారిగా అది ఆగిపోతే అదుపు తప్పుతుంది. ఇది ప్రాణంమీదికి తెచ్చే స్థితి. మాల వేసుకోవడానికి వారం పదిరోజుల ముందే 14416కు ఫోను చేయడమో డాక్టరును కలవడమో చేస్తే మందుల సాయంతో క్షేమంగా మానిపించవచ్చు. అప్పటికే వణుకు మొదలైతే నేరుగా ఆసుపత్రికి. అక్కడ గ్లూకోజు పెట్టేముందు థయమిన్ ఇంజెక్షను ఇవ్వాలి. ‘రోజూ ఇంత తాగుతాడు, చివరిసారి ఫలానా రోజు తాగాడు’ అని మీరు చెబితేనే ఆ సంగతి డాక్టరుకు తెలుస్తుంది. పరువనుకుని దాచవద్దు.

ఇప్పుడు రెండున్నర మార్కుల సంగతి. ఫోనులో సలహా వస్తుంది, మందు రాదు. శారదా మేనన్ పెట్టిన స్కార్ఫ్ 2010లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ఒక బస్సు నడపడం మొదలుపెట్టింది. బస్సులో ఒకపక్క తెర, చెన్నైలో కూర్చున్న డాక్టరు అందులో రోగిని చూస్తారు. మరోపక్క మందుల అర. చూపించుకున్న మనిషి బస్సు దిగేలోపే నెల మందు చేతిలో ఉంటుంది. ఊళ్లోనే తిరిగే కార్యకర్త తర్వాతి నెల రాని ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదో కనుక్కుంటుంది. మన ఫోను సేవలో తొలి సగమే ఉంది. బైరెడ్డిపల్లె అవతలో వరదయ్యపాళెం పక్కనో ఉన్న ఊరి మనిషికి ‘తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్లండి’ అనే మాట వినిపిస్తుంది. వెళ్లాలంటే ఒక రోజు కూలి పోవాలి, ఇద్దరి బస్సు చార్జీ పెట్టుకోవాలి, తిరగబడే మనిషిని బస్సెక్కించాలి. చాలా ఇళ్లలో చికిత్స తెగిపోయేది ఇక్కడే.

అందుకే ఆ మొదటి ప్రయాణం వృథా కాకుండా చూసుకోవాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర మెడికల్ కాలేజీకి అనుబంధమైన రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోండి. ఆధార్, పాత చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టిన ఫైలు, మందుల స్ట్రిప్పులు, ఇందాక చెప్పిన కాగితం పట్టుకెళ్లండి. ఆ మనిషితో రోజూ ఉండేవాళ్లే తోడు వెళ్లాలి. ఊరి పెద్దమనిషో మేనమామో వెళ్తే రాత్రి నిద్ర ఎన్ని గంటలో చెప్పలేరు. డాక్టరు రాసిన మందు పేరు, ఎన్నాళ్లు వాడాలి, వచ్చే ఇబ్బందులేమిటి, మళ్లీ ఎప్పుడు రావాలి, ఈ నాలుగూ అడిగి రాసుకున్నాకే గది బయటికి రండి. ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: మందు అయిపోయే రోజుకు వారం ముందే మళ్లీ వెళ్లాలి. ఆసుపత్రి ఫార్మసీలో దొరకని మందును జన ఔషధి దుకాణంలో రసాయన పేరుతో అడగండి.

మందు ఎందుకు ఆగిపోతుందో చూస్తే ప్రతి మందుకూ ఓ కారణం కనబడుతుంది. దిగులుకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడతాయి. వికారం, కడుపులో గడబిడ మాత్రం మొదటి వారమే వస్తాయి. అంటే మేలు కనబడకముందే ఇబ్బంది కనబడుతుంది, మనిషి ఐదో రోజుకు ఆపేస్తాడు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ వికారం తగ్గుతుంది, పది రోజుల్లో చాలామందికి పోతుంది. బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నిద్రకని ఇచ్చే ఆల్ప్రజోలం, డయాజిపామ్ లాంటివి ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటాయి. మొదటి రాత్రే హాయిగా ఉంటుంది, కొన్ని వారాల్లో అలవాటవుతుంది. చీటీ లేకుండా తెలిసిన షాపులో అడిగి తెచ్చుకోవడం మొదలైతే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

లేని మాటలు వినబడటం, అనుమానాలు తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందో ఇంజెక్షనో మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొందరికి, ముఖ్యంగా కుర్రాళ్లకు, మెడ ఒకపక్కకు లాగేస్తుంది, కళ్లు పైకి తేలిపోతాయి, నాలుక మొద్దుబారి బయటికొస్తుంది. ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ‘మందు పడలేదు, ఇది గాలే’ అని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు, ఆసుపత్రి ముఖం మళ్లీ చూడరు. అది ఆ మందు కండరాల మీద చూపే ప్రభావం. దగ్గర్లోని ఏ ఆసుపత్రిలోనైనా ప్రోమెథజిన్ ఇంజెక్షను ఇస్తే సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటుంది. గొంతు బిగిసి ఊపిరాడకపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకూడదు. తర్వాత డాక్టరుతో మాట్లాడి మోతాదు తగ్గించడమో, తోడుగా ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర వేయడమో, మందు మార్చడమో చేయించుకోవచ్చు. మందు మొదలుపెట్టేరోజే ఈ ఒక్క సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పి పంపితే ఎన్ని చికిత్సలు నిలబడతాయో! మాత్రలు నాలుక కింద దాచి ఉమ్మేసేవాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ ఇంజెక్షను ఉంది, దాని గురించి కూడా అడగండి.

కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు దిగులుగా మారే బైపోలార్ జబ్బుకు లిథియం వాడేవాళ్లకు తిరుపతిలో ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. రక్తంలో అది 0.6 నుంచి 1.0 మధ్య ఉంటే మేలు, 1.5 దాటితే విషం. రెంటికీ మధ్య ఎడం అంతే. ఒంట్లో నీరు తగ్గితే అది పైకి పోతుంది. ఎండాకాలంలో పచ్చిమంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం పట్టి అలిపిరి 3,550 మెట్లు ఎక్కితే అదే జరుగుతుంది. మెట్లెక్కాలంటే తెల్లవారుజామున బయల్దేరండి, దారి పొడుగునా నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ తాగుతూ ఉండండి, నిర్జల ఉపవాసం వద్దని డాక్టరు మాటగానే ఇంట్లో చెప్పండి. కాళ్ల నొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మింగొద్దు, అవీ లిథియంను పెంచుతాయి. చేతులు ముతకగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలిపోతూ నడవడం కనబడితే ఆ పూట మాత్ర వేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. రక్తపరీక్షకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర మింగి ల్యాబుకు పోతే అంకె తప్పుగా పెద్దదిగా వస్తుంది. ఆరునెలలకోసారి కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా తప్పవు.

పెళ్లి కుదిరిందని ఆడపిల్లకు మాత్రలు ఆపించే ఇళ్లు చాలా ఉన్నాయి. పెళ్లి పనుల్లో నిద్ర చెడి, మందూ లేక, మూణ్నెల్లలోపే జబ్బు తిరగబెడుతుంది. ఆపడం బదులు డాక్టరుకు పెళ్లి సంగతి చెప్పండి. వాల్‌ప్రొయేట్ (ఇదీ బైపోలార్ జబ్బుకు, ఫిట్స్‌కు ఇచ్చే మందే) వాడుతుంటే మార్చాల్సి ఉంటుంది, గర్భంలో ఆ మందు ఉంటే పదిమందిలో ఒక బిడ్డకు పుట్టుకతో లోపాలు రావొచ్చు.

ఆసుపత్రికి రానని మొండికేసే మనిషిని గొలుసుతో కట్టేయడం ఇప్పటికీ కనబడుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా పక్కన ఒక షెడ్డులో మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది బయటికి రాలేక కాలిపోయారు. గొలుసు వేయడాన్ని 2017 చట్టం 95వ సెక్షను ఏ రూపంలోనైనా నిషేధించింది. దానికి బదులు చట్టం చూపిన దారి ఉంది. తనకో ఎదుటివారికో హాని చేసే స్థితిలో ఉన్న, లేదా తనను తాను చూసుకోలేని మనిషిని, ఆ మనిషి నామినేట్ చేసిన ప్రతినిధి దరఖాస్తు మీద, ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా చూసి ఒప్పుకుంటే, 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. ఇది 89వ సెక్షను. జబ్బు తగ్గి ఉన్న రోజుల్లోనే తన ప్రతినిధి ఎవరో ఆ మనిషిచేత తెల్ల కాగితం మీద రాయించి సంతకం చేయించి పెట్టుకుంటే ఆ రోజు హైరానా ఉండదు.

తిరుపతిలో నివసించేవాళ్లు 100వ సెక్షను కూడా తెలుసుకోవాలి. రైల్వే స్టేషను ముందో, బస్టాండులోనో, అలిపిరి దారిలోనో మతిస్థిమితం లేక తిరిగే మనిషి కనబడితే మనం చిల్లర వేసి, పొట్లం ఇచ్చి వెళ్లిపోతుంటాం. అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని, 24 గంటలు దాటకుండా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం ఆ ప్రాంతపు పోలీసు స్టేషను అధికారి బాధ్యత. లాకప్పులో పెట్టకూడదు. ఇల్లెక్కడో తెలియకపోతే తప్పిపోయిన మనిషిగా కేసు నమోదు చేసి ఇంటివాళ్లను వెతకాలి. ముంబై డాక్టరు భరత్ వాట్వానీకి 2018లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది సరిగ్గా ఈ పనికే: రోడ్లమీద తిరిగేవాళ్లకు చికిత్స చేసి ఇంటికి చేర్చడానికి. యాత్రాస్థలంలో ఎన్ని రాష్ట్రాల ఇళ్లు ఇలా తమ మనిషికోసం ఎదురుచూస్తుంటాయో! 100కో 112కో ఫోను చేసి, చోటు, వేసుకున్న బట్టలు, మాట్లాడే భాష చెప్పండి. భాష తెలిస్తే ఇల్లు దొరకడం సగం సులువవుతుంది.

జబ్బు ఏళ్లతరబడి ఉండిపోయినవాళ్లకు వైకల్య ధ్రువపత్రం వస్తుందని ఎవరూ చెప్పరు, 14416లో అడిగితేగాని మాట రాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మానసిక జబ్బు ఒకటి. దీన్ని ఐడియాస్ అనే కొలతతో లెక్కిస్తారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థంచేసుకోవడం, పని అనే నాలుగింటికీ ఒక్కోదానికి 0 నుంచి 4. జబ్బు రెండేళ్లలోపుదైతే 1, పదేళ్లు దాటితే 4, మధ్యవాటికి 2, 3 కలుపుతారు. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం. పింఛనుకు గడప అదే, రాష్ట్రంలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. దరఖాస్తు పోయేది ఎక్కువగా ఇంట్లోవాళ్ల జవాబులవల్లే. ‘స్నానం చేస్తాడా?’ అంటే పరువుకోసం ‘చేస్తాడండీ’ అంటారు. ‘రెండు మూడుసార్లు చెప్పి, నీళ్లు తోడిపెట్టి, పక్కన నిలబడితే వారానికి రెండుసార్లు చేస్తాడు’ అన్నది నిజమైతే అలాగే చెప్పాలి.

దూరం వెళ్లడం ఎప్పుడు అవసరం? రెండు వేర్వేరు మందులు తగిన మోతాదులో, ఒక్కోటి ఆరేసి వారాలు వాడినా గుణం లేనప్పుడు, లేదా జబ్బేమిటో తేలనప్పుడు. చిత్తూరువాళ్లకు వేలూరు సీఎంసీ వాళ్ల బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రం దగ్గర. అక్కడ రోగితోపాటు ఇంటి మనిషి ఉండి నేర్చుకోవాలి, ఆ పద్ధతి 1950ల నుంచీ ఉన్నదే. వెళ్లేముందు వారాలతరబడి ఉండగలిగే మనిషిని ఇంట్లో కుదుర్చుకోండి. పలమనేరు, కుప్పంవాళ్లకు నిమ్హాన్స్ దగ్గర. మందులతో లేని మాటలు వినబడటం, అనుమానాలు తగ్గినా మనిషి మూల కూర్చుండిపోయాడంటే, పని నేర్పించాల్సిన దశ అది. దానికి చెన్నైలోని స్కార్ఫ్ లాంటి చోటు సరిపోతుంది.

ఈ సేవకు మూడో మార్కు, నాలుగో మార్కు కూడా కలపాలని మాకు ఎంతో ఉంది. కాల్ ముగిసేముందు కౌన్సెలర్ ‘మీకు దగ్గరి ఫలానా పీహెచ్‌సీలో ఈ మందు ఉంది’ అని చెప్పగలగాలి. నెల తప్పిన ఇంటికి ఏఎన్ఎంకో ఆశా కార్యకర్తకో కబురు వెళ్లాలి. పుదుక్కోట్టైలో నడిచిన బస్సులాంటిది ఒకటి మన దగ్గర వారపు సంత రోజున సంత పక్కనే నిలబడాలి. పశువులమ్మడానికో కూరగాయలు కొనడానికో ఎలాగూ వచ్చిన మనిషి, ‘ఎక్కడికి పోతున్నావు’ అని ఎవరూ అడగకుండా, బస్సెక్కి నెల మందు తీసుకుని సంచిలో వేసుకుని ఇంటికి పోతాడు.